మూపురం కొండ మీద పెసరట్టు

మాచర్ల దాటి సాగర్ రోడ్డున పోతుంటే ఎడమచేతి పక్క ఎద్దు పడుకున్నట్టు ఒక కొండ ఉంటుంది. నడినెత్తిన ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి చుట్టుపక్కల వాళ్లు దాన్ని మూపురం కొండ అంటారు. పుష్యమాసం పొద్దుటిపూట మాత్రం ఆ మూపురం కనపడదు. మంచు దాన్ని నోట్లో పెట్టుకుని, ఎనిమిదయ్యాక మెల్లిగా బయటికి వదులుతుంది. ఆ కొండ కిందే, రోడ్డు మలుపులో, జాహెదా టిఫిన్ బండి.

బండి పెట్టి ఇరవై రెండు రోజులైంది. రోజూ తెల్లారేసరికి పెనం కాగేది, చట్నీ తాలింపు ఘుమఘుమలాడేది, మనుషులే వచ్చేవాళ్లు కాదు. లారీలు హారన్ కొట్టుకుంటూ పోయేవి. బస్సులు ఇక్కడ ఆగవు. మిగిలిన పిండి ఇంటికి తీసుకుపోయి మధ్యాహ్నం పెసరట్టు, సాయంత్రం పెసరట్టు తిని తిని జాహెదాకీ ఆమె మొగుడు వాజిద్‌కీ పెసల వాసనంటేనే విసుగొచ్చింది.

శనివారం పొద్దు గూకేవేళ జాహెదా తపేలా కడుగుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"రేపు ఆదివారం. రేపు కూడా పిండి మిగిలిందనుకో, ఇంక బండి తీసేద్దాం. ఎల్లుండి నుంచి గుంటూరు పోతా, మిరపకాయల తొడిమలు తీయడానికి."

వాజిద్‌కి ఆ పని ఎట్లాంటిదో తెలుసు. రెండేళ్ల కింద ఆమె ఆ పనికి పోయింది. వారానికోసారి ఇంటికొచ్చి చేతులు మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూచునేది. ముద్ద కలుపుకోలేకపోయేది, అతనే కలిపి పెట్టేవాడు. మండే వేళ్లతో ముఖం తుడుచుకోలేక, కళ్లలో నీళ్లొస్తే అట్లాగే వదిలేసేది. ఏడుస్తుందో, మంటకి కారుతున్నాయో అతనికి ఏనాడూ తెలిసేది కాదు.

వాజిద్ పొలంలో మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేసే మెకానిక్కు. మాచర్లలో రేకుల షెడ్డు. పని చేసేది రెండు చేతులతోనే, మాట్లాడేది మాత్రం పది నోళ్లతో. నాజిల్ మార్చేలోపు అతను చెప్పే కోతలు విని, బాగైన స్ప్రేయర్ పక్కనే పెట్టుకుని ఇంకో గంట కూచునే రైతులున్నారు. ఆదివారం షెడ్డుకి తాళం వేసి భార్యకి సాయంగా బండి దగ్గరికొస్తాడు.

ఆ ఆదివారం ఏడు గంటలప్పుడు మంచులోంచి రెండు పసుపు దీపాలు కనపడినయ్యి. అవి పెద్దవై పెద్దవై ఒక వ్యాను అయింది. వ్యానులోంచి టోపీలు, బూట్లు, చేతికర్రలతో పదకొండు మంది దిగారు. నరసరావుపేట నుంచి వచ్చిన వాకింగ్ వాళ్లు. నెలకొక కొండ ఎక్కుతారంట. వాళ్లకి పెద్ద పున్నారావు, ఊళ్లో స్టీలు సామాన్ల కొట్టు ఉంది, మనిషి కూడా బోర్లించిన బిందెలాగా గుండ్రంగా ఉన్నాడు.

"అమ్మా, పదకొండు టీలు," అన్నాడు చేతులు రుద్దుకుంటూ.

"టిఫిను పెట్టమంటారా అన్నా? పెసరట్టు వేడివేడిగా..." అన్నాడు వాజిద్.

"వద్దు తమ్ముడూ. కడుపు ఖాళీగా ఉంటేనే ఒళ్లు తేలిగ్గా ఉండేది. ఎక్కి దిగి, సాగర్ పోయి చేపలు తింటాం."

జాహెదా చేతిలో గంటె ఆగింది. ఒక్క క్షణమే. మళ్లీ టీ గిన్నె కిందికి మంట పెంచింది. ఆ ఒక్క క్షణం వాజిద్ కంట పడింది. అతను తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని, కొండ ఉండాల్సిన చోట ఉన్న తెల్లటి మంచుకేసి చూసి, పెద్దగా నిట్టూర్చాడు.

"ఖాళీ కడుపుతోనా? ఈ కొండనా?" అన్నాడు. "సరేలెండి. మీ ఇష్టం. నేనూ మొదటిసారి అట్టాగే ఎక్కా."

ఆ మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో వాజిద్‌కే తెలియదు. జాహెదా తలెత్తి అతనికేసి చూసింది. అతను అటు చూడలేదు.

"ఏమైందేంది?" అంది ఒక అమ్మాయి. పేరు కీర్తి, బ్యాంకులో పనిచేస్తుంది, కర్ర మీద గడ్డం ఆనించి నిలబడింది.

"ఏముందమ్మా, సగం దూరం పోయినాక కళ్లు తిరిగినయ్యి. ఒక రాయి మీద కూలబడ్డా. అంతే. పెద్ద విషయమేం కాదు. దిగొచ్చి, మర్నాడు ఒక్క పెసరట్టు తిని ఎక్కా. ఒక్కటంటే ఒక్కటే. అరగంటలో పైనున్నా. ఆయాసం లేదు, చెమట లేదు. ఎందుకో తెలుసా? అల్లం! పెసరట్టులో అల్లం ఉండిద్దే, అది కడుపులో కూచోదు. ముందుకి లాగిద్ది. పగ్గం పట్టుకుని లాగినట్టు ముందుకి లాగిద్ది. మనం చేయాల్సిందల్లా కాళ్లు మార్చి మార్చి వేయడమే."

ఎవరో నవ్వారు. రవితేజ అని ఒక కుర్ర లెక్చరర్, కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు, "అల్లం లాగటం ఏంది బాబాయ్," అన్నాడు. అంటూనే పెనంకేసి చూశాడు. "సర్లే, నాకొకటి వెయ్యండి. లాగిద్దో లేదో చూద్దాం."

జాహెదా గంటెతో పిండి తీసి పెనం మీద వేసి గుండ్రంగా తిప్పింది. చుయ్యిమంది. ఉల్లిపాయ ముక్కలు, జీలకర్ర, అల్లం. ఆ వాసన మంచులో కలిసి పైకి పోకుండా అక్కడే, మనుషుల మొహాల చుట్టూ తిరిగింది.

"నాకూ ఒకటి," అంది కీర్తి.

"అయితే ఒక్కటి గుర్తు పెట్టుకోండి," అని వాజిద్ బల్ల చివర కూచున్నాడు. "ఏం తిని ఎక్కుతామో దాన్ని బట్టి దారి మారుద్ది. ఇడ్లీ తిని ఎక్కామనుకో, అడుగు పెట్టిన రాయల్లా మెత్తగా తగులుద్ది, బూట్లు విప్పి చేతిలో పట్టుకోవచ్చు. పుణుగులు తిన్నామనుకో, దొర్లుకుంటా పోతాం."

"కిందికా?" అన్నాడు పున్నారావు.

"కిందికైతే ఎవరైనా దొర్లుతారన్నా. పైకి! నేను ఒకసారి పన్నెండు పుణుగులు తిని బయల్దేరా. పదో నిమిషంలో ఒళ్లు గుండ్రమైపోయింది. దొర్లుతన్నా, దొర్లుతన్నా, పక్కనుంచి కంపచెట్లు సలాం కొడతన్నయ్యి. ఒక నెమలి అడ్డమొచ్చి, 'వాజిద్ భాయ్, చట్నీ ఏమన్నా ఉందా' అనడిగింది."

"నెమలి ఉర్దూలో అడిగిందా, తెలుగులోనా?" అంది కీర్తి.

"మాచర్ల నెమలమ్మా. రెండూ వచ్చు."

ఈసారి అందరూ నవ్వారు. పున్నారావు పొట్ట పట్టుకుని నవ్వి, "పుణుగులు ఒక ప్లేటు పెట్టమ్మా, నాకు పైకి దొర్లాలనే ఉంది," అన్నాడు. అతని వెనకున్న వాళ్లు ఒక్కొక్కరే బల్లల మీద సర్దుకున్నారు. పదకొండు ప్లేట్లూ ఒకేసారి బయటికొచ్చిన రోజు ఇదే మొదలు. జాహెదా రెండు చేతులూ నాలుగైనట్టు తిరుగుతోంది. పెనం మీద అట్టు తీస్తూ, బాండీలో పుణుగులు కలుపుతూ, ప్లేట్లు అందిస్తూ, మధ్యలో మొగుడికేసి ఒక చూపు. ఆ చూపులో 'ఇంక చాలు' అని ఉందో, 'ఇంకా చెప్పు' అని ఉందో వాజిద్‌కి అంతు పట్టలేదు. ఇంకా చెప్పమనే అర్థం చేసుకున్నాడు.

"అసలు సంగతి పైకి పోయినాక ఉంది," అని గొంతు తగ్గించాడు. "మూపురం మీద ఒక బండ ఉండిద్ది. చాపరాయి. మంచం పరిచినట్టు చదునుగా, నల్లగా. దాని మీద కూచుంటే మంచు మన కిందుంటుంది. మనం పైన. కింద ఊరు ఉండదు, రోడ్డు ఉండదు, తెల్లగా పాలు పోసినట్టు. ఆ పాలల్లోంచి అక్కడక్కడ కొండల ముక్కులు కనపడతయ్యి. చప్పుడుండదు. మంచు కొంచెం చీలిన చోట, కింద ఎవరో రాయి కొడతా ఉంటే, ఆ దెబ్బ కనపడ్డాక, చానాసేపటికి వినపడుద్ది."

ఈ మాటలు చెప్పేటప్పుడు అతని గొంతు మారింది. కోతలు కోసేటప్పటి ఊపు లేదు. పొయ్యి వైపు పొరపాటున కూడా చూడలేదు. పెళ్లైన కొత్తలో ఈ మాటలు అతను విన్న చోటు వేరు, చెప్పిన గొంతు వేరు. తింటున్న వాళ్లు కూడా నమలడం ఆపారు. రవితేజ చేతిలో పెసరట్టు ముక్క సగం దూరంలో ఆగిపోయింది.

"తర్వాత?" అంది కీర్తి మెల్లిగా.

ఆ 'తర్వాత' అనే మాట వాజిద్‌కి తాగినంత పని చేసింది.

"తర్వాత ఎండొచ్చింది. బండ కాలింది. ఎంత కాలిందంటే, పెనం లాగా! నేనేం తక్కువ తిన్నానా, పెసరపిండి తపేలా నెత్తిన పెట్టుకునే ఎక్కా. మొత్తం కుమ్మరించా. అది పరుచుకుంటా పోయింది. బండ నిండింది. ఆగలా. మూపురం నిండింది. ఆగలా. అంచులు కొండ మీద నుంచి కిందికి వేలాడినయ్యి. ఒక కొస మాచర్ల స్టేషను మీద పడితే రైలు దిగినోళ్లు తుంపుకుని తిన్నారు. ఇంకో కొస గురజాల కోర్టు మెట్ల మీద పడింది. వాయిదాకొచ్చిన ఇద్దరన్నదమ్ములు దాన్ని చెరిసగం చేసుకుని, కేసు రాజీ చేసుకుని ఇంటికి పోయారు."

"సత్తెనపల్లి దాకా రాలేదా?" అన్నాడు పున్నారావు నోటినిండా పుణుగుతో.

"సత్తెనపల్లికి వాసనే పోయిందన్నా. వాసనతోనే బస్టాండంతా రెండు పూటలు గడిపారు. రొంపిచెర్లలో ఒక ముసలమ్మ మాత్రం గాలికి ఎగిరొచ్చిన ఉల్లిపాయ ముక్క పట్టుకుని, ఇందులో ఉప్పు తక్కువైందని నాకు కబురు పంపింది."

"మరి మా పేటకి?"

"మీ పేటకి ఏం రాలా. అందుకేగా ఇవాళ మిమ్మల్నే ఇక్కడికి రప్పించుకున్నా."

పున్నారావుకి పొలమారింది. వెనకున్నతను వీపు చరిచాడు. ఇంకో పెసరట్టు, ఇంకో ప్లేటు పుణుగులు, ఇడ్లీ రెండు, ఈ బల్ల నుంచి ఆ బల్లకి కేకలు. మంచు ఇంకా విడలేదు. రోడ్డు మీద పోతున్న ట్రాక్టరు ఒకటి ఇంతమందిని చూసి ఆగింది. డ్రైవరు సీటు దిగకుండానే ప్లేటు అందుకుని, ఇంజను ఆపి, చెవి ఇటు పడేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" అన్నాడు వాజిద్ లేచి నిలబడి. "కిందనుంచి గాలి పెట్టింది. పెసరట్టు లేచింది! దాని మీద నేను. ఒక పక్క మడత వేసి తలకింద పెట్టుకున్నా. ఎట్టా పోతన్నానంటే, పడవ మీద పోయినట్టు. కింద పత్తి చేలు, తెల్లగా. మిరప చేలు, ఎర్రగా. పైనుంచి చూస్తే ఎవరో పెళ్లిచీరలు ఆరేసినట్టుంది. ఆకలేసినప్పుడల్లా పక్కకి తిరిగి పడవని కొంచెం కొరుక్కుంటన్నా."

"పడవ మొత్తం తినేస్తే కింద పడవా బాబాయ్?" అన్నాడు రవితేజ.

"చదువుకున్నోడివి నువ్వు అడగాల్సిందే. అందుకే అంచులే తిన్నా. ఎత్తిపోతల మీదికి వచ్చేసరికి తుంపర తగిలి అట్టు కొంచెం మెత్తబడింది, అదీ మంచిదే, నమలక్కర్లా. అక్కడనుంచి కృష్ణ మీదికి తేలింది. అవతలి గట్టు నుంచి తెలంగాణ వాళ్లు చేతులూపుకుంటా, 'ఓ అన్నా, గా కొసకి గింత తుంపియ్యరాదే' అని అరిచారు. తుంపి వేశా. మనం మనం ఒకటేగా. మీరు సాగర్ చేపలు సాగర్ చేపలు అంటన్నారు చూడు, వాటి సంగతి చెప్తా వినండి. నన్ను చూసి చేపలు నీళ్లలోంచి ఎగిరినయ్యి. ఎగిరి గట్టు మీద మిరప చేలో పడ్డయ్యి. ఒళ్లంతా కారం పూసుకుని మళ్లీ ఎగిరి, ఎండకి కాలిన బండల మీద పడి, ఒక పక్క వేగినాక వాటంతటవే తిరగబడి రెండో పక్క వేగి, నా పడవ మీదికి దూకినయ్యి. కొండ ఎక్కిన తర్వాత తినాల్సిన తిండంటే అది. హోటల్లో కూచుని తినేది కాదన్నా. తిన్నా. కడుపు నిండింది. ఎండ వెచ్చగా ఉంది. నిద్ర పట్టింది. ఆ నిద్రలో కలొచ్చింది. కలలో నేను మళ్లీ ఆ చాపరాయి మీద కూచుని ఉన్నా. మళ్లీ ఆకలేస్తంది. పక్కన ఎవరో సద్దిమూట విప్పుతన్నారు..."

పెనం మీద గంటె గీరిన చప్పుడైంది. వాజిద్ చూశాడు. జాహెదా తపేలా పక్కకి వంచి, అడుగున మిగిలిన పిండిని చేత్తో ఊడ్చి చివరి అట్టు వేస్తోంది. పెసరపిండి అయిపోయింది. ఇడ్లీ పాత్ర బోర్లించి ఉంది. పుణుగుల బాండీ కింద మంట ఆర్పేసి ఉంది.

అక్కడితో అతను నోరు మూసుకుంటే సరిపోయేది. దేనికోసం మొదలుపెట్టాడో అది అయిపోయింది. కానీ ఇరవై రెండు రోజులుగా ఎదురుచూసిన మనుషులు ఇంతమంది, ఇన్ని కళ్లు, అన్నీ తన మీదే. పైగా తను చెప్పిన ఆ తెల్లటి చోటు తనకే ఎంత బాగుందంటే, దాన్ని వదిలి ఈ రోడ్డు పక్కకి రావాలనిపించలేదు.

"మరి కిందికెట్టా దిగావు?" అంది కీర్తి.

"దిగానని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు వాజిద్. "ఇప్పటికీ పైనే ఉన్నా."

అందరూ పెద్దగా నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ట్రాక్టరు డ్రైవరు ఖాళీ ప్లేటు అందించి, తల అడ్డంగా ఊపుకుంటూ ఇంజను వేసుకుని పోయాడు. పున్నారావు చెయ్యి కడుక్కుని, టోపీ పెట్టుకుని, కర్ర అందుకున్నాడు.

"కొండలన్నీ చూశాం గానీ ఇంత మంచి కోత యాడా వినలా తమ్ముడూ. సరే, ఎండెక్కకముందే బయల్దేరతాం. ఇన్నిసార్లు ఎక్కినోడివి, దారి చెప్పు. యాడనుంచి మొదలుపెట్టాలి?"

వాజిద్ జాహెదాకేసి చూడబోయి మానేశాడు. కానీ నోరు ఆగలేదు, అది ఇంకా కృష్ణ మీదే తేలుతోంది.

"నేరుగానే అన్నా," అన్నాడు చెయ్యి చాచి. "ఇదిగో, ఈ బాట పట్టుకుని ముక్కుకు సూటిగా పోవడమే. దారి అదే చెప్పుద్ది."

పదకొండు మందీ అటు తిరిగారు. రవితేజ ముందు నడిచాడు.

"ఆగండి!"

జాహెదా గొంతు. పెద్దగా అరవలేదు గానీ, అందరూ ఆగారు. ఆమె పొయ్యి ఆర్పి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ బండి ముందుకొచ్చింది.

"నేరుగా పోతే పాత రాతి గని ఉంది. మూడు నిలువుల లోతు. కంప మొలిచి పైకి కనపడదు. మొన్నటి వానలకి అంచు కూడా జారింది. ఆ పక్కకి ఎవరూ పోవద్దు." ఆగి, ఊపిరి తీసుకుంది. "ఈయన ఈ కొండ ఎప్పుడూ ఎక్కలేదు సార్. మా మిద్దె మీద ట్యాంకులో నీళ్లున్నయ్యో లేదో చూసి రమ్మంటే, నాలుగో మెట్టు మీద కూచుని నన్ను పిలుస్తాడు."

నవ్వు పెద్దగా లేచింది. పున్నారావు కర్ర మీద వాలిపోయి నవ్వాడు. వాజిద్ కూడా నవ్వుదామని చూశాడు గానీ మొహం సాగలేదు. మూడు నిలువుల లోతు. ముందు నడిచింది ఆ కుర్రాడు. ఇంకో పది నిమిషాలైతే. వాజిద్ భుజం మీద గుడ్డ తీసి, తుడిచిన బల్లనే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

"అయితే ఆ చాపరాయి కూడా కోతేనా?" అంది కీర్తి. ఆమె ఒక్కతే నవ్వలేదు. గొంతులో కొంచెం నిరాశ ఉంది.

"రాయి ఉంది," అంది జాహెదా. "ఎక్కింది నేను."

నవ్వులు సద్దుమణిగినయ్యి.

"మా అబ్బాజాన్, మా నాన్న, ఆ గనిలోనే రాయి కొట్టేవాడు. మా ఇల్లు కొండకి ఇవతల, గని మొదట్లో అవతలి పక్క ఉండేది, తర్వాతే ఇవతలి దాకా తవ్వుకుంటా వచ్చారు. చుట్టూ తిరిగి పోతే పొద్దు పోద్ది. అందుకని నేను కొండ మీదుగా అన్నం తీసుకుపోయేదాన్ని. తొమ్మిదేళ్లో పదేళ్లో. సెలవలప్పుడు రోజూ. అబ్బాజాన్ అవతలనుంచి ఎక్కేవాడు, నేను ఇవతలనుంచి ఎక్కేదాన్ని. ఆ చాపరాయి మీద కలుసుకునేవాళ్లం. చలికాలం అయితే మంచు కిందే ఉండేది, ఈయన చెప్పినట్టే. మంచు కొంచెం విడిపోయాక, గనిలో మిగతావాళ్లు సుత్తి వేస్తంటే దెబ్బ ముందు కనపడేది, చప్పుడు తర్వాత వచ్చేది. అది చూసి నాకు నవ్వొచ్చేది."

"ఏం తినేవాళ్లక్కా అక్కడ?" అంది కీర్తి.

"ఏముంటుందమ్మా, సద్దన్నం. ఉల్లిపాయ. గోంగూర పచ్చడి ఉంటే ఉండేది. ఆయన చేతులు ఎంత కడిగినా గీతల్లో తెల్లగా రాతిపొడి ఉండేది. నాకు కడుపు నిండిందని ఆయన గిన్నె నా వైపు జరిపేవాడు. నాకూ నిండిందని నేను ఆయన వైపు జరిపేదాన్ని. ఇద్దరికీ నిండేది కాదు. చివరి ముద్ద ఎప్పుడూ అట్టాగే మిగిలిపోయేది. చీమలు తినేవి."

ఆమె అది ఏ ఊపూ లేకుండా, టీ ఎంతమందికో అడిగినట్టే చెప్పింది. కానీ నిలబడ్డవాళ్లలో ఒక్కరూ కదల్లేదు. మంచు అప్పుడే పైనుంచి విడిపోతోంది. మూపురం మెల్లిగా, ముందు నీడలాగా, తర్వాత రాయిలాగా బయటికొచ్చింది. వాజిద్ బల్ల తుడవడం ఆపేశాడు. పెళ్లైన కొత్తలో ఆమె ఇదంతా చెప్పింది. చివరి ముద్ద సంగతి మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లకి ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు అతను ఇప్పుడే విన్నాడు.

"మళ్లీ ఎక్కలేదా?" అన్నాడు పున్నారావు. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"అబ్బాజాన్ పోయాక ఎక్కలేదు. పదహారేళ్లైంది."

"మాతో రండక్కా," అంది కీర్తి. "మాకు దారి తెలియదు. మీకు తెలుసు."

జాహెదా కొండకేసి చూసింది. తర్వాత బండికేసి చూసింది. ఖాళీ తపేలా, ఖాళీ పాత్రలు, దొంతరగా ప్లేట్లు.

"పో," అన్నాడు వాజిద్. "ప్లేట్లు నేను కడుగుతాలే. బండి చూసుకుంటా."

"బండిలో ఏముందని చూస్తావు? ప్లేట్లు వచ్చినాక కడుక్కోవచ్చు. నువ్వూ రా."

అందరూ అతనికేసి తిరిగారు. వాజిద్ నోరు తెరిచాడు. చెప్పడానికి ఎన్ని సాకులు వరుసకట్టి నిలబడ్డాయో. మోకాలు నెప్పి. పదింటికి స్ప్రేయర్ తీసుకొస్తానన్న రైతు. నిన్నే ఒకసారి ఎక్కి వచ్చిన అలసట. ఒక్కొక్కటీ నాలుక చివరిదాకా వచ్చింది. జాహెదా ఎదురుగా నిలబడి ఉంది, ఏదో ఒకటి చెప్తాడని తెలిసినట్టే, ఏది చెప్పినా ఏమీ అననట్టే.

"నాకు ఎత్తంటే భయం," అన్నాడు వాజిద్.

ఎవరూ నవ్వలేదు. ఆ మాట అని, అతను చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టేశాడు.

"నాకూ భయమే తమ్ముడూ," అన్నాడు పున్నారావు, భుజం మీద చెయ్యి వేసి. "ఈ పొట్ట అడ్డమొచ్చి కిందేముందో కనపడదు గనక ఎక్కుతన్నా."

జాహెదా నవ్వింది. పదకొండు మంది తిన్నా, పిండి అయిపోయినా రాని నవ్వు అప్పుడొచ్చింది. గ్యాస్ కట్టేసి, బండి మీద పట్టా లాగి, తాడు బిగించింది.

"రేపు ఎవరన్నా మిరపకాయలకి రమ్మని ఫోను చేస్తే రానని చెప్పు," అంది ముడి వేస్తూ. తర్వాత అతని దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "కిందికి చూడకు. పైకీ చూడకు. నా మడమలు చూసుకుంటా రా. అంతే."

గనికి కుడిపక్కగా, కంపచెట్ల మధ్య నుంచి ఆమె తీసుకుపోయిన దారిని దారి అని ఇంకెవరూ అనరు. పదహారేళ్ల గడ్డి పైన పరుచుకుని ఉంది. అయినా ఆమె ఎక్కడా ఆగలేదు. ఒక రాయి చుట్టూ తిరిగి, ఇంకో రాయి మీద కాలు వేసి, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, చిన్నపిల్ల పోయినట్టు పోతోంది. వెనక వాజిద్. అతనికి ప్రపంచమంతా రెండు మడమలే. పగిలిన మడమలు, ఎడమదాని మీద ఎండిన పిండి మరక. అవి లేస్తే తను లేచాడు, అవి ఆగితే తను ఆగాడు. మంచు ఒకచోట మొహానికి తగిలింది, తర్వాత మెడకి, తర్వాత మోకాళ్లకి. తర్వాత తగల్లేదు. చెవుల్లో గాలి మాత్రం ఉంది. కాళ్ల కింద ఏముందో చూడాలనిపించింది. చూడలేదు.

"వాజిద్ భాయ్!" వెనకనుంచి రవితేజ రొప్పుతూ అరిచాడు. "ఇంకెంత దూరం?"

వాజిద్ తల తిప్పలేదు.

"నాకు తెలవదు నాయనా," అన్నాడు. "నేను ఎక్కడం ఇదే మొదలు. ఆమెనడుగు."